మా కోడలికి వంట రాదు

మా మేనత్త పోయింది. మొన్న బేస్తారం పొద్దున, కల్వకుర్తిల మా ఇంట్లనే పోయింది. చాయ గ్లాసు ఆమె పక్కన పెట్టి, చక్కెర డబ్బా లోపల పెట్టొస్తనని వంటర్రలకు పోయిన. తిరిగొచ్చేసరికి తల పక్కకు వాలి ఉన్నది. చాయ ఇంక చల్లారనే లేదు. ఎనభై దాటిన మనిషి, పోవుడు వింతేం కాదని అందరు అంటున్నరు. వచ్చినోళ్ళతోని నేను గూడ గదే అంటున్న. అంటున్న గాని, ఆ నోరు నాది కాదనిపిస్తాంది.

ఈ నాలుగు మాటలు రాయాలని ఎందుకు కూసున్ననో ముందే చెప్త. నేను ముప్పై యేండ్లు ఆడపిల్లలకు వంట నేర్పిన మనిషిని. సర్కారు జీతం తీసుకొని, నల్లబల్ల మీద సుద్దముక్కతోని రాసి నేర్పిన. మా మేనత్త ఏ బడికి పోలే, ఒక్క అక్షరం రాదు. అసొంటామె అరవై యేండ్లు కనవడ్డోళ్ళందరికి ఒకటే మాట చెప్పుకుంట తిరిగింది: "మా కోడలికి వంట రాదు." మేనకోడలిని కద, నన్ను కోడలా అనే పిలిచేది. పెండ్లిళ్ళల్ల చెప్పింది, అంగట్ల చెప్పింది, నా దగ్గర నేర్చుకునే పిల్లల ముంగట గూడ చెప్పింది. నాకు మస్తు కోపమొచ్చేది. ఆ మాట వెనుక ఏమున్నదో మొన్న, ఆమె పోయే నాలుగు దినాల ముందు తెలిసింది. తెలిసి ఇప్పుడు నేనేం చెయ్యాలె?

మాది అచ్చంపేట అవుతల, నల్లమల అడవి మొదలయ్యే కాడ ఒక చిన్న ఊరు. నన్ను కన్న పదో దినమే మా అమ్మ పోయింది. మేనత్తకు పెండ్లయిన యేడే గత్తర రోగమొచ్చి ఆమె పెనిమిటి పోయిండు. ఆమె పుట్టింటికి తిరిగొచ్చేనాటికి నేను గోడ పట్టుకొని నడుస్తున్ననట. ఆమెకు గూడ అప్పటికి పన్నెండు పదమూడేండ్లే. ఇంట్ల తాత, బాపు, ఆమె, నేను. నలుగురం. నన్ను ఎత్తుకున్నది, నీళ్ళు పోసింది, పేన్లు దువ్వింది, అన్ని ఆమెనే.

వంట నీకెవరు నేర్పిండ్రత్తా అని ఒకపారి అడిగిన.

"ఎవరు నేర్పుతరే? మా అవ్వ పోయేనాటికి నాకు ఎనిమిదేండ్లు. పోయి పొయ్యి కాడ కూసున్న. మాడింది కుక్కకేసిన, మాడంది మీ బాపుకేసిన."

"మొదట్ల ఎవరికెక్కువ అందినయి?"

"ఆ యేడు కుక్క బాగ బలిసింది" అని పకపక నవ్వింది.

ఆమె జొన్నరొట్టె చేస్తుంటె చూసినోళ్ళు ఇప్పుడు నేను తప్ప ఎవ్వరు లేరు. ఉడుకునీళ్ళు పోసి పిండి పిసికేది. నీళ్ళెన్ని పొయ్యాలె అంటె "అది చాలన్నదాంక" అనేది. పిండి ఎంత తియ్యాలె అంటె "తినేటోని మొఖం చూసి తియ్యి" అనేది. పీట మీద ముద్ద పెట్టి అరచేతితోని టపటప కొడుతుంటె అంచు ఎక్కడ గూడ పగలకపోయేది. పెంక మీదేసి, మీద తడి చెయ్యి తిప్పి, ఇటు మళ్ళి నాతోని మాట్లాడుకుంటనే సరిగ్గ తిరగేసే గడియకు తిరగేసేది. దేన్ని చూసి తెలుసుకునేదో నాకు ఇప్పటికి తెల్వదు. అడిగితె ఆమెకు గూడ చెప్పరాకపోయేది.

మా బాపుకు మాత్రం చదువంటె పానం. ఊర్ల ఆడపిల్లను బడికి పంపినోడు ఆయనొక్కడే. పాలమూరుల మా మేనమామ ఇంట్ల పెట్టి, అక్కడి ఆడపిల్లల బడిల వేసిండు. ఉర్దూ, లెక్కలు, కుట్లు, ఇంక శనారం శనారం వంట క్లాసు. నాకు ఆ శనారం అంటె పండుగే. మా పంతులమ్మ పట్నంల నేర్చుకొని వచ్చిన మనిషి. ఇస్త్రీ చీర మీద ఒక్క మరక పడకుండ వంట చేసేది. తరాజు, ఇత్తడి రాళ్ళు, వరుసగ కొలత గిన్నెలు. చెంచా నింపి మీద కత్తితోని గీసేది. మా చేతుల నోటుబుక్కు, ప్రతి వంట కింద "ఎంతమందికి" అని ఒక గీత. గోడ మీద పెద్ద కాయితం: పూటకు మనిషికి బియ్యమెంత, పప్పెంత, జొన్నపిండెంత. జొన్నరొట్టె ఆ క్లాసుల ఒక్కనాడు చెయ్యలే, పల్లెటూరి తిండని. పిండి లెక్క మాత్రం నేర్పిండ్రు. మనిషికి సోలెడు. పదహారు సోలలు కుంచెడు. ఇది ఎక్కంలెక్క పాడిపిచ్చేది పంతులమ్మ.

మొదటి సెలవులకు ఇంటికొచ్చినప్పుడు నోటుబుక్కు ముంగటేసుకొని కిచిడీ చేసిన. నలుగురికి లెక్క కట్టిన. నలుగురు తిన్నరు, వండిన గిన్నెల, ఆ గంజిల, ఒక్క మెతుకు మిగల్లే. నాకు ఎంత గర్వమో! "చూసినవా అత్తా, పారెయ్యాల్సింది ఏమన్న మిగిలిందా?"

ఆమె ఖాళీ గంజి లోపలికి తొంగి చూసింది. "మరి ఎవరన్న వస్తే?"

"ఎవరొచ్చిండ్రు ఇప్పుడు?"

"రాలే. వస్తే అంటున్న. నలుగురున్న ఇంట్ల నలుగురికే వండుడు వంట కాదు పిల్లా, రేషను పంచుడు."

తాత నవ్విండు, బాపు గూడ నవ్విండు. నేను అలిగి బయట అరుగు మీద కూసున్న. ఆ నవ్వు నాకు చాన దినాలు గుచ్చుకున్నది. నేర్చుకొని వచ్చినదాన్ని నేను, ఈమెకేం తెలుసు అనుకున్న. పదమూడు పద్నాలుగేండ్ల పిల్లకు ఉండే పొగరు. దాన్ని ఇప్పుడు ఏ పేరు పెట్టి పిలవాల్నో తెల్వదు.

పోలీస్ యాక్షన్ అయిపోయింది. నిజాం దిగిపోయిండు, ఇగ బేఫికర్ అనుకున్నరు జనం. కాని భూముల కోసం తుపాకి పట్టిన సంఘపోళ్ళు కిందవెట్టలే. తరుముతుంటె తరుముతుంటె మా దిక్కు నల్లమలలకు వచ్చిండ్రు. వాళ్ళ వెనక మిలిటరీ వచ్చింది. అడవిల మనుషులను పట్టుడు కష్టం, వాళ్ళకు తిండి పెట్టేటోళ్ళను పట్టుడు అల్క. అందుకని ఊర్లల్ల పొయ్యిలు చూసుడు మొదలుపెట్టిండ్రు. ఇంట్ల ఎందరున్నరు, ఎంత వండుతున్నరు. పెద్ద గంజి బోర్లించి ఉన్నా అడిగేది, ఇది ఎవరికోసమని. ఊర్ల ఆడోళ్ళు పెద్ద గిన్నెలన్ని గడ్డివాముల్ల దాచిపెట్టిండ్రు.

ఆ ఎండకాలం సెలవులకు నేను ఇంట్లనే ఉన్న. పొద్దున్నే బాపు, తాత చేనుకు పెంట తోలేటందుకు బండి కట్టుకొని పోయేటోళ్ళు. వాళ్ళు పోంగనే మేనత్త రొట్టెలకు కూసునేది. ఎప్పటి టపటప లేదు. ముద్దను పీట మీద పెట్టి వేళ్ళతోని మెల్లగ ఒత్తుకుంట, తిప్పుకుంట, సప్పుడు లేకుండ సాపు చేసేది. పక్కింటికి గూడ ఇనవడది. అది గూడ ఆమెకు ఎవరు నేర్పలే. అయినంక రొట్టెలు గుడ్డల చుట్టి గంపల అడుగున పెట్టి, మీద తాటాకు పరిచి, ఆ మీద పెంట పోసి, నెత్తిన పెట్టుకొని అడవి అంచుకున్న మా చెల్క దిక్కు పోయేది.

"ఎందుకత్తా గంత పిండి?" అని అడిగితె "కూలోళ్ళకు" అనేది. మేము ఆ యేడు ఒక్క కూలిమనిషిని పెట్టలే.

నాకు తెల్వదు, నేను చిన్నపిల్లను, నాకు ఎవ్వరు చెప్పలే. ఇట్ల చాన యేండ్లు నాకు నేనే చెప్పుకున్న. ఇప్పుడు ఆమె లేదు, ఇంక అబద్ధం ఎందుకు? కొంచెం తెలుసు. పూర్తిగ తెల్వదు గాని కొంచెం తెలుసు.

ఆ పొద్దున ఇంట్ల మేమిద్దరమే ఉన్నం. తాంబాళంల పిండి ఉన్నది, పెంక పొయ్యి మీద ఉన్నది. నలుగురు సిపాయిలు వాకిట్లకు వచ్చిండ్రు. వాళ్ళ వెంట తెలుగు మాట్లాడేటాయన ఒకడు, మెత్తని మనిషి, నెత్తికి తువ్వాల. లోపలికొచ్చి తాంబాళం దిక్కు చూసిండు.

"ఎంతమందికమ్మా ఇది?"

"ఇంటోళ్ళకే అయ్యా. నలుగురం. కష్టం చేసేటోళ్ళం, జర ఎక్కువ తింటం" అన్నది మేనత్త. చెయ్యి పిండిలకెల్లి తియ్యలే.

నాకు షరమనిపించింది. మమ్ములను తిండిపోతులను చేసిందని. ఆయన నా దిక్కు మళ్ళిండు. "నువ్వు చదువుకుంటవా బిడ్డా?"

"పాలమూరుల."

"ఏమేం నేర్పుతరు?"

"ఉర్దూ, లెక్కలు, కుట్లు, వంట."

"వంట గూడ నేర్పుతరా! అయితె మీ అత్తకంటె నీకే బాగ తెలిసుండాలె కద. నువ్వు చెప్పు మరి, మనిషికి ఎంత పడతది?"

మా ఇంట్ల నన్ను ఆ మాట అడిగినోడు అప్పటిదాంక ఎవ్వడు లేడు. నేను నిటారుగ నిలవడి చెప్పిన. "మనిషికి సోల."

సిపాయిలల్ల ఒకడు చటుక్కున తలెత్తిండు. "సోలా?" వాని భాషల సోలా అంటె పదహారు. పదహారు మందికా అని అడుగుతున్నడు.

మేనత్తకు ఉర్దూ అంతంతే. కాని ఆ మొఖం చూసి అర్థం చేసుకున్నది. పిండిచేతులతోనే లేసి, గూట్లున్న సోల గిన్నె అందుకొని వాని ముంగట పెట్టింది. "సోల అంటె గిది దొరా! కొలిచేది. మనుషులు కాదు, గిన్నె." బోర్లిచ్చి చూపిచ్చింది, నిలవెట్టి చూపిచ్చింది. తెలుగాయన అది వాళ్ళకు చెప్పిండు. వాళ్ళు నవ్విండ్రు. ఆయన గూడ నవ్విండు. మేనత్త అందరికంటె ఎక్కువ నవ్వింది. ఒకడు అప్పుడే వాకిలి దాటిండు, మిగిలినోళ్ళు గూడ మళ్ళిండ్రు. అయిపోయింది. ఇంక రెండు అడుగులేస్తే అయిపోతుండె.

వాళ్ళు నన్ను చూసి నవ్విండ్రనుకున్న నేను. నా లెక్క సగంల ఆగిపోయిందనుకున్న. బడిల నేర్చుకున్న మంచి ఉర్దూల, తప్పులేకుండ చెప్పిన: లేదు, లెక్క కట్టినా సోలానే అయితది. అది కుంచెడు పిండి. సోలా ఆద్మీ. పదహారు మందికి.

నవ్వు ఆగిపోయింది. తెలుగాయన నా దిక్కు చూసి "శబాష్ బిడ్డా" అన్నడు. ఆ మాట ఇంక నా చెవుల్ల ఉన్నది.

మేనత్త కొంగుతోని చేతులు తుడుచుకున్నది. వాళ్ళు పట్టుకొని పోతుంటె వాకిట్లకెల్లి తిరిగి చూసి "పెంక మాడుతాంది, పొయ్యిల కట్టె తియ్యి" అన్నది. నేను పోయి కట్టె తీసిన. ఆ దినం అడవి అంచున ఎవరు ఎదురుచూసిండ్రో, ఎంతసేపు చూసిండ్రో, వాళ్ళు తర్వాత ఏమైండ్రో నాకు ఎన్నడు తెలవలే.

క్యాంపుల పదిహేను దినాలు పెట్టుకున్నరు. బాపు, తాత రోజు పోయి గేటు బయట కూసునేది, పొద్దుగూకినంక వచ్చేది. లోపలికి పంపకపోయేది. ఇంట్ల నేనొక్కదాన్నే. బాపు రాంగనే పీట మీద కూలవడి "ఎవడు చెప్పిండో, వాని నోట్ల మన్నువడ. వాని నాలుక పురుగులు తిన" అని తిట్టేటోడు. నేను నీళ్ళ చెంబు పట్టుకొని నిలవడేదాన్ని. చెప్పాలని నోరు తెరిచేదాన్ని, మూసుకునేదాన్ని. మిలిటరీకి ఎవరో మాట చేరేసిండ్రని ఊరంతా ఒకరినొకరు అనుమానంగ చూసుకున్నరు. నన్ను ఎవ్వరు చూడలే.

పదహారోనాడు తిరిగొచ్చింది. కుడిచేతి మూడు వేళ్ళు విరిగినయి. తుపాకి మడమతోని కొట్టిండ్రని బాపు తర్వాత చెప్పిండు, ఆమె చెప్పలే. దవాఖానల కట్టు కట్టిండ్రు గాని వేళ్ళు వంకరగనే అతుక్కున్నయి, మల్ల చాపరాలే.

జొన్నరొట్టె అరచేతి మీద బతికే పని. ఆ చెయ్యి పోయినంక రొట్టె ఎవరు చెయ్యాలె? నేను చేస్తనన్న. కూసున్న. రెండేండ్ల వంట క్లాసు, నోటుబుక్కు నిండ రాతలు. రొట్టె అంచులు ముక్కలు ముక్కలు పగిలినయి. ఎత్తబోతె పీటకే అతుక్కున్నది. "నేర్పు అత్తా" అని ఏడ్చిన. ఆమె నా పక్కన కూసొని చూసింది, చెప్పబోయింది, చెప్పరాలే. "ఇట్ల" అని చెయ్యి లేపింది. ఆ చెయ్యి ఇట్ల తిరగకపాయె.

తెల్లారి నుంచి ఎడమ చేతితోని మొదలుపెట్టింది. ఎడమచేతి రొట్టె అంటె మా దిక్కు ఎవరు ముట్టరు. తాత తినలే. పెద్దమనిషి, పట్టింపు. "ఆ చెయ్యి దేనికి వాడుతమో తెల్వదా?" అని అంబలి తాగి పండుకునేటోడు. బాపు ఒక్కడే తిన్నడు. మాడింది కుక్కకు, మాడంది బాపుకు, ఎనిమిదేండ్లప్పటిలెక్క మల్ల మొదటికొచ్చింది. కాని ఈసారి ఆమె నవ్వలే. పదిహేనిరవై దినాలకు రొట్టె గుండ్రమైంది. ఒకనాడు తాత ఏమనకుండ కంచం ముంగటేసుకున్నడు, ఏమనకుండ తిన్నడు.

చూడనీకి ఊరోళ్ళు వస్తుండిరి. గింత పెద్ద పిల్ల ఇంట్ల ఉండంగ, ఇరిగిన చేతితోని నువ్వెందుకు చేస్తవమ్మా అని అడిగేది. అప్పుడు మొదటిసారి అన్నది ఆ మాట: "మా కోడలికి వంట రాదు." ఒక్కరికి గాదు, వచ్చినోళ్ళందరికి చెప్పింది. బావి కాడ చెప్పింది, పట్వారీ ఇంట్ల చెప్పింది, అచ్చంపేట అంగట్ల గూడ చెప్పింది. "బడిల ఏదో రాసుకుంటది గాని పిండి తెల్వదు, నీళ్ళు తెల్వదు." నాకు ఎంత తిక్క లేసిందో చెప్పలేను. చేసిన పాపం ఒకదిక్కు, ఈ అవమానం ఒకదిక్కు. నన్ను కొడుతలేదు, తిడుతలేదు, ఈ మాటతోని కసి తీర్చుకుంటాంది అనుకున్న. అరవై యేండ్లు గట్లనే అనుకున్న.

తర్వాత చదువు అయిపోయింది, నౌకరి దొరికింది. తిరిగి తిరిగి నాకు దొరికింది వంట నేర్పే నౌకరే. పిల్లలకు అన్ని నేర్పిన. తరాజు, గిన్నెలు, పోపు ఎప్పుడు, ఉప్పెప్పుడు. ఒక్కటి మాత్రం బల్ల మీద రాయకపోయేదాన్ని: ఎంతమందికి. ఆ జాగా ఖాళీగ వదిలిపెట్టేదాన్ని. తనిఖీకి వచ్చిన మేడము ఒకామె పిల్లల ముంగటనే కోప్పడ్డది, ఇంత చదువుకొని గీ చిన్న విషయం మరిచిపోతవా అని. మరిచిపోయిన అన్న.

బాపు పోయినంక, తాత అంతకు ముందే పోయిండు, ఆమె కల్వకుర్తికి నా దగ్గరికి వచ్చింది. వచ్చిన దినమే నా వంటర్రల ఉన్న కొలత గిన్నెలు చూసి "బడి ఇంటికే తెచ్చుకున్నవా కోడలా?" అన్నది. నేను ఉప్పు చెంచాతోని తీస్తుంటె పక్కకు తిరిగి నవ్వేది. నేను చేసిన పప్పు రెండుసార్లు వేయించుకొని తినేది, తిన్నంక "బాగలేదు" అనేది. పక్కింటోళ్ళు వస్తే సరే సరి. "మా కోడలు ఊరందరికి వంట నేర్పింది. దానికే రాదు."

ఒకనాడు ధైర్యం చేసిన. పొయ్యి మీద పప్పు ఉడుకుతాంది. "అత్తా, గా దినం నేను..." అన్న.

"ఏ దినమే?"

"గా సిపాయిలొచ్చిన దినం."

"పప్పు అడుగంటుతాంది చూడు ముందుగాల."

పప్పు అడుగంటుతలేదు. ఇద్దరికి తెలుసు. లేసి కలిపిన. మల్ల ఆ మాట ఎత్తలే. రేపు అడుగుదాం, ఎల్లుండి అడుగుదాం అనుకుంట పన్నెండేండ్లు ఒకే కప్పు కింద ఉన్నం. క్షమించు అనే ఒక్క మాట చెప్పనీకి పన్నెండేండ్లు చాలలేదు నాకు. ఎవరన్న నమ్ముతరా?

పోయిన వానకాలం నుంచి ఆమె యాది చెదిరింది. ఒకపారి నన్ను వాళ్ళ అవ్వ అనుకునేది, ఒకపారి ఎవరో తెల్వనట్టు చూసేది. మొన్న ఐతారం మధ్యాహ్నం రొట్టె పాలల్ల నానబెట్టి తినిపిద్దామని కంచం పట్టుకొని పోయిన. మంచం మీద కూసొని ఉన్నది. నన్ను చూడంగనే గోడకు ఒదిగింది. వంకర చెయ్యి కొంగు కింద దాచుకున్నది.

"ఇంటోళ్ళకే దొరా" అన్నది. "నలుగురికే."

కంచం కింద పెట్టిన. "అత్తా, నేను. కోడల్ని."

"పిల్లను తేవొద్దు దొరా." రెండు చేతులు అడ్డం పెట్టింది. "దాన్ని గీడికి తేవొద్దు. దానికి వంట రాదు. సోల తెల్వదు, కుంచం తెల్వదు. బడిల ఏదో రాసుకొని అప్పజెప్పుతది, దాని మాట నమ్మి మీరు ఆగం కావొద్దు. గావాలంటె ఊరందర్ని అడుగుండ్రి దొరా, అందరు చెప్తరు. మా కోడలికి వంట రాదు."

గప్పుడు తెలిసింది నాకు. ఆ పదిహేను దినాలు క్యాంపుల వాళ్ళు అడిగింది నా కోసం. పదహారు మంది లెక్క చెప్పిన పిల్లను తెస్తం, దానితోని మిగిలింది చెప్పిస్తం అని ఉంటరు. ఆమె ఒక్క మాట మీదనే నిలవడ్డది, మూడు వేళ్ళు విరిగేదాంక. ఇంటికొచ్చినంక గూడ వాళ్ళు మల్ల వచ్చి ఊర్ల అడిగితె మాట తేడా రావొద్దని, బావి కాడ, అంగట్ల, అందరితోని అదే చెప్పింది. చెప్పి చెప్పి అరవై యేండ్లు చెప్పింది. మిలిటరీ పోయి ఎన్నేండ్లయినా ఆమెకు నమ్మకం కుదరలేదేమో. నేను కసి అనుకున్న.

"అత్తా, వాళ్ళు పోయిండ్రు. ఎప్పుడో పోయిండ్రు. చెప్పింది నేను. నేనే చెప్పిన అత్తా, నన్ను కొట్టు" అని ఆమె కాళ్ళు పట్టుకున్న. ఏం లాభం? ఎనభై యేండ్ల ఆమె కండ్లల్ల నేను లేను. అరవై యేండ్లు నోట్ల పెట్టుకున్న మాట ఇప్పుడు బయటికొచ్చింది, వినేటందుకు మనిషి లేదు. కాళ్ళు వెనక్కి గుంజుకొని ఇంకింత భయపడ్డది.

"పిల్ల పొద్దటి నుంచి ఏం తినలే దొరా. ఒక్కతే ఉన్నది ఇంట్ల. పోయి ఒక్క రొట్టె చేసి పెట్టి మల్ల వస్త. ఒట్టు. మల్ల వస్త."

ఇంక నా దగ్గర ఏమున్నది? కండ్లు తుడుచుకున్న. లేసి నిలవడ్డ. గొంతు గట్టిగ చేసుకున్న.

"పో అమ్మా" అన్న. "ఇంటికి పో. మల్ల రావొద్దు. నీ పిల్లను ఎవరు ఏమనరు."

"నిజమా దొరా?"

"నిజం. పో."

రెండు చేతులెత్తింది. వంకర వేళ్ళు ఎడమ చేతికి సరిగ్గ ఆనలే, ఆనిచ్చేదాంక ఒత్తి పట్టుకున్నది. తల వంచి నాకు దండం పెట్టింది. "నీ బిడ్డలు సల్లగుండాలె దొరా" అన్నది. వద్దనలేను. వద్దంటె పోనియ్యననుకుంటది. ఆ దండం నేను నిలవడి తీసుకున్న.

మెల్లగ కాళ్ళు మంచం కిందికి దించింది. లేవరాలే. "తొవ్వ ఎటు దొరా?" అని అడిగింది.

నేను వాకిలి దిక్కు చెయ్యి చూపిచ్చిన. పొద్దుగూకేదాంక అటే చూసుకుంట కూసున్నది, పోయేటోళ్ళలెక్క కొంగు నెత్తి మీదికి కప్పుకొని.